మీట ఎవరి చేతిలో వుంది?

యాంటీవైరస్ సాఫ్టువేరులో "ఇప్పుడే అప్‌డేటు చెయ్యి" అనే బటను ఎంత వెతికినా దొరకడం లేదన్నది ఒక విమర్శ పత్రికలో చర్చించవలసిన విషయమా అని మిత్రులు కొందరు అడుగుతారు. అడగనీ. పత్రికలు ఎవరి సొత్తో, సినిమా ఎవరి పెట్టుబడితో తయారవుతుందో, పాఠ్యపుస్తకాన్ని ఎవరు రాయిస్తారో పట్టించుకోకుండా సాహిత్యాన్ని గూర్చి మాట్లాడడం కుదరదని అభ్యుదయ రచయితలు మొదటినుంచీ చెబుతూనే వున్నారు. ఈనాడు విద్యార్థి సిద్ధాంత వ్యాసమూ, ఉపాధ్యాయుడి ప్రశ్నపత్రమూ, కవి వ్రాతప్రతీ, సంఘం సభ్యుల పట్టికా అన్నీ కంప్యూటరులోనే వున్నాయి. దానికి కాపలా కాస్తానని చెప్పి లోపలికి వచ్చి కూర్చున్నవాడు యజమాని మాట వింటున్నాడా, యజమానికే ఆజ్ఞలిస్తున్నాడా అనేది చిన్న ప్రశ్న కాదు.

రక్షణ సాఫ్టువేరులో చేతితో చేసుకునే అప్‌డేటు కంటికి ఆనకుండా పోవడం ఎవరో చిత్రకారుడి పరధ్యానం వల్ల జరిగిందని నేననుకోను. యంత్రం మీద చివరి మాట కొన్నవాడిదా, అమ్మినవాడిదా అనే తగాదాలో అమ్మినవాడు తన తీర్పు తానే రాసుకున్నాడు. ఆ తీర్పు తెర మీద ఇలా కనిపిస్తున్నది.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. యాంటీవైరస్‌లో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి ఫైళ్ళను సోదా చేసే యంత్రాంగం. రెండవది దుష్ట ప్రోగ్రాముల ఆనవాళ్ళ పట్టిక. పోలీసు స్టేషనులో పాత నేరస్తుల ఆనవాళ్ళు రాసిపెట్టుకునే రిజిస్టరు వంటిది. కొత్త వైరసులు రోజూ పుడుతూనే వుంటాయి కాబట్టి ఈ పట్టికను రోజూ తాజా చేసుకోవాలి. నెల రోజుల నాటి పట్టికతో కూర్చున్న యాంటీవైరస్ నిన్ననే బదిలీ మీద వచ్చిన కానిస్టేబులు వంటిది. ఊరి దొంగ ఎదురుగా నడిచి వస్తే పెద్దమనిషి అనుకుని నమస్కారం పెడుతుంది. 1990లలో ఈ పట్టిక ఫ్లాపీల మీద చేతులు మారేది. ఆ తరువాత కంపెనీ సైటునుంచి ఒక ఫైలు దించుకుని రెండుసార్లు నొక్కితే సరిపోయేది. నెట్టు వ్యాపించిన తరువాత ప్రోగ్రామే తనంత తాను వెళ్ళి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంతవరకూ అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఎక్కడ మొదలవుతుందో చూడడానికి మైక్రోసాఫ్టు సంగతే తీసుకుందాం. మన బడులలో, కాలేజీలలో, ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది దాని విండోసే గదా. 2009లో ఆ కంపెనీ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే యాంటీవైరస్‌ను ఉచితంగా ఇచ్చింది. తెరిస్తే పైన నాలుగు మాటలు కనిపించేవి: హోమ్, అప్‌డేట్, హిస్టరీ, సెట్టింగ్స్. రెండవ మాట మీద నొక్కితే పట్టిక ఏ తేదీదో, ఎన్నో నంబరుదో చూపి, పక్కన పెద్ద బటను పెట్టేది. నొక్కితే పని జరిగేది. విండోస్ 8లో దాని పేరు డిఫెండర్ అయినా ఈ ఏర్పాటు చెడలేదు. 2017లో విండోస్ 10కు వచ్చిన మార్పుతో ఆ కిటికీ పక్కకు పోయి కొత్త 'సెక్యూరిటీ సెంటర్' వచ్చింది. ఈనాటి విండోస్ 11లో అదే పని చేయాలంటే ముందు సెక్యూరిటీ కిటికీ తెరవాలి. అందులో వైరసుల భాగంలోకి వెళ్ళాలి. పేజీని కిందికి జరపాలి. అక్కడ ఒక శీర్షిక కింద చిన్న అక్షరాలలో 'ప్రొటెక్షన్ అప్‌డేట్స్' అనే లింకు వుంటుంది. అది నొక్కితే ఇంకో పేజీ. అక్కడ బటను. ఆ బటను మీదయినా 'అప్‌డేటు చెయ్యి' అని వుండదు, 'అప్‌డేట్లు వున్నాయేమో చూడు' అని వుంటుంది. కంప్యూటరు మనదే అయినా మనం వున్నాయేమో కనుక్కోవడానికే అర్హులం!

నెట్టు లేని యంత్రానికయితే ఇదీ లేదు. పట్టికను మొత్తంగా ఒక ఫైలుగా మైక్రోసాఫ్టు తన సైటులో పెడుతూనే వుంది. కాని ఆ ఫైలును దించుకునే బటను డిఫెండర్ కిటికీలో ఎక్కడా లేదు. ఇంకొక దారి కూడా వుంది. నల్లటి కమాండు కిటికీ తెరిచి, ఫలానా ఫోల్డరులోని ఫలానా ప్రోగ్రాము పేరూ, దాని పక్కన ఒక గీతా, ఒక మాటా టైపు చేస్తే అప్‌డేటు జరుగుతుంది. తెలిసినవాడు చెప్పాలి, లేదా తెలిసినవాడిని పిలవాలి.

ఇప్పుడు డబ్బు తీసుకునే యాంటీవైరస్ ఏదయినా సరే తెరిచి చూడండి. చందా గడువు దగ్గరపడితే తెర మూలనుంచి ఒక పెట్టె పైకి లేస్తుంది. ఎర్రని అక్షరాలుంటాయి. 'మీరు ప్రమాదంలో వున్నారు' అని వుంటుంది. 'రెన్యూ చెయ్యి' అన్న బటను గుడ్డివాడికి కూడా దొరికేటంత పెద్దదిగా వుంటుంది. 'తరువాత' అన్న మాట వెలిసిపోయిన బూడిద రంగులో వుంటుంది. కాబట్టి బటనును ఎక్కడ పెడితే కనపడుతుందో, ఏ రంగు వేస్తే చెయ్యి దానిమీదికి పోతుందో ఈ కంపెనీలకు తెలియదని ఎవరూ చెప్పనక్కరలేదు. బాగా తెలుసు. తమకు లాభం చేసే బటనుకూ మనకు పనికివచ్చే బటనుకూ ఆ తెలివిని ఒకే తీరున ఖర్చుపెట్టరు, అంతే.

దీనికి ఇంజనీర్లు చెప్పే జవాబు ఒకటుంది. దాన్ని తేలికగా తీసివేయకూడదు. జనాన్ని వారి మానాన వదిలేస్తే అప్‌డేటు చేయరు. చేయనందువల్ల తాము నష్టపోవడమే కాక ఇతరులకూ అంటిస్తారు. అందుచేత ఆటోమేటిక్‌గా జరగడమే మంచిది అంటారు. ఇందులో నిజం వుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే దోపిడీ వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాతబడ్డాయి. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేటును మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది. వేసుకున్న యంత్రాలు బతికాయి, వేసుకోనివి చిక్కాయి. ఆటోమేటిక్ అప్‌డేటు వద్దనే వాదం నాది కాదు. నూటికి తొంభైమందికి అదే తగినది కావచ్చు.

అయితే ఇంటికి కుళాయి వచ్చిందని పెరటి బావిని పూడ్చమంటున్నారు. కుళాయి రాని రోజున ఏమి చేయాలో చెప్పరు. కుళాయిలో మురుగునీరు వచ్చిన రోజున ఏమి చేయాలో అసలే చెప్పరు.

మురుగునీరు రాలేదా? 2010 ఏప్రిల్ 21న మెకఫీ కంపెనీ పంపిన ఆనవాళ్ళ పట్టిక విండోస్ ఎక్స్‌పీలోని ఒక ముఖ్యమైన సొంత ఫైలునే వైరస్ అని గుర్తించింది. ఇంటి పెద్దను దొంగ అని పట్టి గదిలో పెట్టినట్లు ఆ ఫైలును బంధించేసరికి కంప్యూటర్లు ఆగి లేచి, ఆగి లేచి, పనికిరాకుండా పోయాయి. పద్నాలుగేళ్ళ తరువాత, 2024 జులై 19న, క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ పంపిన ఒక చిన్న ఫైలు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర మీద నిలబెట్టింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులు ఆగాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ఇండిగో ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలంతో రాసి ఇచ్చారు. 2010లో మెకఫీ సాంకేతిక విభాగానికి అధిపతిగా వున్న జార్జి కర్ట్‌జే 2024లో క్రౌడ్‌స్ట్రయిక్ అధిపతి. ఆయనను నిందించడం నా ఉద్దేశం కాదు. మనిషి వెంట పాఠం రాలేదు, పద్ధతి మాత్రం వచ్చింది, అంటున్నాను.

ఈ రెండవ ఘటనలో మన చర్చకు ప్రాణం వంటి విషయం ఒకటుంది. క్రౌడ్‌స్ట్రయిక్ ఖాతాదారులు చిన్నా చితకా వాళ్ళు కారు. పెద్ద బ్యాంకులు, విమాన కంపెనీలు. వారిలో జాగ్రత్తపరులు కొత్త వెర్షను వచ్చిన వెంటనే వేసుకోకుండా ఒక మెట్టు వెనుక వుండే ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటును కంపెనీయే ఇచ్చింది. కాని అది ప్రధాన ప్రోగ్రాముకే వర్తిస్తుంది. ఆ రోజు కొంప ముంచిన ఫైలు వేరే వాకిలినుంచి వచ్చింది. ఆ వాకిలికి ఖాతాదారు చేతిలో గడియ లేదు. అంటే మీట తన చేతిలో వుందని నమ్మినవాడి చేతిలో కూడా మీట బొమ్మ మాత్రమే వుంది. ఇంత జరిగిన తరువాత, ఆ ఫైళ్ళను ఎప్పుడు, ఎక్కడ వేయాలో ఖాతాదారులకు ఎక్కువ అధికారం ఇస్తామని కంపెనీ ప్రకటించింది. 85 లక్షల యంత్రాలు పడిపోయేవరకూ ఆ అధికారం ఇవ్వడానికి అడ్డువచ్చిన సాంకేతిక కారణమేమిటో సెలవిచ్చివుంటే బాగుండేది. ఇంకొక ముచ్చట: ఆ యంత్రాలలో చాలావాటిని బాగుచేసింది ఎవరు? ఉద్యోగులు ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికి నడిచివెళ్ళి, సేఫ్ మోడులో తెరిచి, ఆ ఫైలును చేత్తో తుడిచేశారు. ఆటోమేటిక్ యుగంలో చేతిపనికి కాలం చెల్లిందని చెప్పినవారే ఆ రోజు చేతిపనికి దండం పెట్టారు.

వాకిలి ఒకరి చేతిలో వుంటే దానిలోనుంచి ఏమి వస్తుందో కూడా వారే నిర్ణయిస్తారు. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం రష్యాకు చెందిన కాస్పర్‌స్కీ యాంటీవైరస్‌ను తన దేశంలో నిషేధించింది. సెప్టెంబరు 29 తరువాత అప్‌డేట్లు కూడా ఇవ్వకూడదన్నది. ఆ గడువు దగ్గరపడుతుండగా అక్కడి వాడుకరులు కొందరు ఒక ఉదయం కంప్యూటరు తెరిచి చూస్తే కాస్పర్‌స్కీ లేదు. దాని స్థానంలో అల్ట్రా ఏవీ అనే పేరు విననిది కూర్చుని వుంది. వాళ్ళు ఏ బటనూ నొక్కలేదు. ముందుగా ఈమెయిలు పంపామని కంపెనీ చెప్పుకున్నది. రెండు రాజ్యాల వైరం సంగతి వేరే మాట్లాడుకోవచ్చు. అద్దెకున్నవాడు ఖాళీచేస్తూ తన గదిని ఇంకొకడికి అప్పగించి వెళ్ళాడు. ఇంటివాడికి తెల్లారిన తరువాత తెలిసింది. దీనికంతటికీ వాడిన దారి అప్‌డేటు దారే.

ఈ వాకిళ్ళు ఎవరి చేతుల్లో పోగుపడుతున్నాయో కూడా చూడాలి. ఏవీజీని 2016లో అవాస్ట్ కొన్నది. అవీరాను 2021లో నార్టన్ కంపెనీ కొన్నది. 2022లో నార్టన్, అవాస్ట్ కలిసి జెన్ డిజిటల్ అయ్యాయి. బజారులో నాలుగు పెట్టెలు, నాలుగు రంగులు, లోపల ఒకటే గల్లాపెట్టె. గుత్తాధిపత్యాన్ని గూర్చి పుస్తకాలలో చదివే విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. ఇందులో అవాస్ట్, రక్షణ కోసం తనను నమ్మినవారు నెట్టులో ఏయే పేజీలు చూశారో పోగుచేసి జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నదని 2020లో బయటపడింది. 2024లో అమెరికా వాణిజ్య కమిషను కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. నార్టన్ 2021లో తన యాంటీవైరస్‌లో ఈథర్ నాణేలు తవ్వే పనిముట్టును చేర్చింది. వాడుకరి ఒప్పుకుంటే అతని కరెంటుతో, అతని యంత్రంతో తవ్వి, వచ్చినదానిలో నూటికి 15 వంతులు కంపెనీ తీసుకునేది. అప్‌డేటు అనే ఒక్క పేరు కింద ఆనవాళ్ళ పట్టికా వస్తుంది, ఇటువంటి సరుకూ వస్తుంది. రెండింటినీ విడదీసి 'పట్టిక మాత్రం చాలు' అనే హక్కు వాడుకరికి వుంటే ఈ వ్యాపారాలు సాగవు. దాచడానికి కారణం వెతికేవారు ఇక్కడ వెతకాలి.

"సామాన్యుడికి ఇవన్నీ తెలియవు, బటన్లు ఎక్కువ పెడితే కంగారుపడతాడు" అనేది మిగిలిన వాదం. మనకు ఈ వాదం కొత్తది కాదు. రైతు తన పొలం అడంగలులో ఏమి రాసివుందో చూసుకోవాలంటే కరణంగారి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడవలసివచ్చిన కాలం మన పెద్దలకు తెలుసు. దస్తరం కట్ట విప్పేది ఆయన, చదివేది ఆయన, కట్టేది ఆయన. "నీకెందుకురా ఈ లెక్కలు, నేను చూసుకుంటానుగా" అనేవాడు. రైతుకు లెక్కలు రాకపోవడం వల్ల కరణానికి పెత్తనం వచ్చిందా, కరణం పెత్తనం వల్ల రైతుకు లెక్కలు అందకుండా పోయాయా? ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకాలు రద్దయిన తరువాత లెక్కలన్నీ సరయినాయని నేను అనను. కాని దస్తరం చూపనని చెప్పడం ఎవరి జన్మహక్కూ కాదని మాత్రం తేలింది. నేటి దస్తరం అమెరికాలో వుంది, అరుగు మాత్రం మన తెర మీద వుంది.

పైగా వాడుకరి అజ్ఞానం మీద ఈ బెంగ నిజమయినదే అయితే డబ్బున్నవాడికి వేరే న్యాయం వుండకూడదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇంటి వాడకానికి ఇచ్చే 'హోమ్' రకంలో అప్‌డేట్లు వాయిదా వేసే వీలే లేదు. సంస్థలకు అమ్మే రకాలలో వుంది. హోమ్ వాడేవారికి 35 రోజుల వరకు ఆపుకునే అవకాశం 2019లో గాని రాలేదు. ఈనాటికీ పెద్ద కంపెనీలకు ఇచ్చే రక్షణ సాఫ్టువేరులో అప్‌డేట్లను ఒకచోట దించుకుని, పరీక్షించి, విడతలుగా పంచుకునే ఏర్పాట్లు వుంటాయి. నెట్టు లేని యంత్రాలకు తీసుకుపోవడానికి ఫైళ్ళు వుంటాయి. నార్టన్‌ను పెంచిన సిమాంటెక్ ఇచ్చే 'ఇంటెలిజెంట్ అప్‌డేటర్' అటువంటిదే. కాస్పర్‌స్కీకి అటువంటి పనిముట్టు వుంది. కాబట్టి చేతితో అప్‌డేటు చేయడం సాంకేతికంగా కష్టమని చెప్పే నోరు లేదు. ఉద్యోగులను పెట్టుకోగలిగినవాడికి మీట, లేనివాడికి ఉపదేశం.

మన బడుల సంగతి చూస్తే ఇది ఇంకా కరుకుగా కనిపిస్తుంది. ఒక హైస్కూలు ల్యాబులో పది కంప్యూటర్లు వున్నాయనుకోండి. నెట్టు వున్న రోజు వుంటుంది, లేని రోజు వుండదు. పిల్లలు పెన్‌డ్రైవులు తెస్తారు. ఫోల్డర్లను మాయంచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టే వైరసులు ఆ పెన్‌డ్రైవులతోనే వస్తాయి. వాటికి నెట్టుతో పనిలేదు. మాష్టారు తన ఫోను హాట్‌స్పాటు పెడితే పది యంత్రాలూ ఒకే పట్టికను పదిసార్లు విడివిడిగా దించుకోవడానికి ఎగబడతాయి. ఒక్కొక్కటి నూరు మెగాబైట్లకు పైమాటే. అదే ఫైలును ఒక్కసారి దించుకుని, పెన్‌డ్రైవులో పది యంత్రాలకూ వేయడం పావుగంట పని. ఆ పావుగంట పనికి దారి ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక మధ్యాహ్నం ఖర్చవుతుంది. చాలామంది మాష్టర్లకు ఆ మధ్యాహ్నం లేదు. ల్యాబుకు తాళం వేస్తారు. 'ఎప్పుడూ నెట్టులో వుండేవాడు' అనే మనిషిని మనసులో పెట్టుకుని తయారుచేసిన వస్తువు ఆ బడికి వచ్చేసరికి కాపలాదారు కాదు, అలంకారం.

వేరే మార్గాలు లేకపోలేదు. పుణెలో పుట్టిన క్విక్ హీల్, నెట్టు లేని కంప్యూటర్లకోసం తన సైటులో అప్‌డేటు ఫైళ్ళు పెడుతున్నది. క్లామ్ ఏవీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు పట్టికలు మామూలు ఫైళ్ళు. ఒక యంత్రంలో దించి ఇంకొకదానిలోకి నకలు చేసుకోవచ్చు, ఎప్పుడు దించుకోవాలో మనమే చెప్పవచ్చు. దానిని నడిపేది కూడా సిస్కో అనే పెద్ద కంపెనీయే. ఆ సంగతి దాచను. కాని దాని కోడు అందరిముందూ వుంది. రేపు సిస్కో తలుపు వేసినా దానిని ఎత్తుకుని నడపడానికి ఇతరులకు హక్కు వుంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఐ.టి. ఎట్ స్కూల్ పథకం కింద చాలా ఏళ్ళ క్రితమే స్వేచ్ఛా సాఫ్టువేరుకు మారాయి. అక్కడి పిల్లలు కంగారుపడి బడి మానేశారని వినలేదు.

చట్టం మాటేమిటి? ఐరోపా సమాఖ్య 2024లో చేసిన సైబర్ రెసిలియెన్స్ చట్టం రక్షణ అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా రావడం మంచిదంటూనే, వాటిని ఆపుకునే ఏర్పాటు స్పష్టంగా, సులువుగా వుండాలన్నది. తాత్కాలికంగా వాయిదా వేసుకునే వీలుండాలన్నది. సాధ్యమయినంతవరకు రక్షణ అప్‌డేట్లను కొత్త హంగుల అప్‌డేట్లనుంచి విడదీసి ఇవ్వాలన్నది. 2027 డిసెంబరు 11నుంచి పూర్తిగా వర్తించేటట్లు గడువు పెట్టింది. ఐరోపా సమాఖ్య శ్రామికరాజ్యం కాదు గదా. పెట్టుబడిదారీ మార్కెట్టు తన సొంత భద్రత కోసం ఒప్పుకున్న మాట ఇది. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022లో జారీచేసిన ఆదేశాలు ప్రమాదం జరిగితే ఆరు గంటలలో తెలియజేయాలనీ, 180 రోజుల లాగులు దాచాలనీ సంస్థలను శాసించాయి. సాఫ్టువేరు అమ్మినవాడు కొన్నవాడికి ఏ మీట చూపించాలో వాటిలో లేదు.

చట్టం వచ్చేవరకు చేతులు ముడుచుకోనక్కరలేదు. విశ్వవిద్యాలయాలు, విద్యాశాఖలు, సంక్షేమ వసతిగృహాలు వేల కంప్యూటర్లకు రక్షణ సాఫ్టువేరును టెండరు పిలిచి కొంటాయి. ధర ఎంత, ఎన్నేళ్ళ చందా అని మాత్రమే అడుగుతాయి. ఆ కాగితంలో ఇంకొన్ని మాటలు రాయించడానికి ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ పట్టుబట్టాలి. తెరిచిన మొదటి పేజీలోనే పట్టిక తేదీ, అప్‌డేటు బటను కనిపించాలి. నెట్టు లేని యంత్రానికి వేసే ఫైలును దించుకునే దారి ప్రోగ్రాములోనే వుండాలి. చెడ్డ అప్‌డేటు వస్తే వెనుకటిదానికి మరలే వీలుండాలి. పట్టికను వేరుగా, మిగతా సరుకును వేరుగా ఇవ్వాలి. వీటిలో ఏదీ ఇప్పటికే ఎక్కడో ఒకచోట ఎవరో ఒక ఖాతాదారుకు ఇవ్వనిది కాదు. వచ్చే విద్యాసంవత్సరం కొనుగోళ్ళకు కాగితాలు కదిలేలోగా ఈ వాక్యాలు రిజిస్ట్రారు బల్లమీద వుండాలి.